ఒక గోడ పోయినా భవనం నిలవాలి

1968 మే 16 తెల్లవారుజామున లండన్‌లో, రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలోని 18వ అంతస్తులో ఒకావిడ టీ కోసం పొయ్యి వెలిగించబోయారు. లీకైన గ్యాస్ పేలింది. అదేమంత పెద్ద పేలుడు కాదు, ఆవిడ ప్రాణాలతో బయటపడ్డారు కూడా. కానీ ఆ దెబ్బకు మూల గోడ ఊడిపోయింది. పై అంతస్తుల బరువు మోస్తున్నది ఆ గోడే. పైవి కూలి కింద పడితే, ఆ మూల మొత్తం నేలదాకా కుప్పకూలింది. నలుగురు చనిపోయారు. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలు తెచ్చి పేర్చిన భవనమది. 1986లో దాన్ని విప్పినప్పుడు అతుకుల్లో పని ఎంత నాసిరకంగా జరిగిందో బయటపడింది.

చిన్న దెబ్బకు భవనంలో పెద్ద భాగం కూలిపోకూడదని బ్రిటన్ 1970లో నిబంధనలు మార్చింది. సివిల్ విద్యార్థులారా, ఫ్యాక్టరీలో చేసిన భాగాలతో అలా కూలని భవనాలు డిజైన్ చేయడం మీకు ఉద్యోగాలున్న దారుల్లో ఒకటి. కేంద్రం 2021లో మొదలుపెట్టిన లైట్ హౌస్ ఇళ్ల ప్రాజెక్టుల్లో అగర్తలాలో లైట్ గేజ్ స్టీల్ ఫ్రేమ్ వాడారు. రాంచీలో గదులకు గదులే పోతపోసి తెచ్చారు. మనకు దగ్గర్లో పాశమైలారం, సదాశివపేటల్లో స్టీల్ భవనాల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలు ఎప్పట్నుంచో ఉన్నాయి.

లైట్ గేజ్ అంటే మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల రేకు. దాన్ని వేడి చేయకుండానే సి ఆకారంలో వంచి, స్క్రూలతో కలుపుతారు. ఒక్కో స్టడ్ (గోడలోని నిలువు కడ్డీ) బలం లెక్కగట్టడం నేర్చుకుంటే వస్తుంది. స్క్రూ దగ్గర రేకు చిరిగితే ఆ బరువు ఎటు వెళ్తుందో చెప్పగలిగేవాళ్లే తక్కువ. గదుల్ని ఫ్యాక్టరీలో తయారుచేసి పేర్చే మాడ్యులర్ భవనాల్లో ఇది ఇంకా ముఖ్యం. కింద ఒక మూల ఆధారం పోతే, ఆ మాడ్యూల్ గోడే లోతైన దూలంలా పనిచేసి, పక్క మాడ్యూళ్ల సాయంతో నిలబడాలి. వాటిని కలిపేది మూలల్లో ఉండే ప్లేట్లు, బోల్టులే. చిక్కేమిటంటే, పక్కపక్కన పెట్టేశాక లోపలి మూలకు చెయ్యి పట్టదు. బోల్టు ఎటునుంచి బిగించాలన్నది డ్రాయింగ్ దశలోనే తేలాలి. స్టడ్ సైజుల కంటే ఈ జాయింటు మీదే ఎక్కువ సమయం పెట్టమంటాను.

స్టీల్ డిజైన్‌కు ఐఎస్ 800:2007 బాగా చదవండి. పలుచటి రేకుకు మన కోడ్ ఐఎస్ 801 ఉంది గానీ అది 1975 నాటిది. అందుకే అమెరికా వాళ్ల ఏఐఎస్ఐ ఎస్100 కూడా తెలిసుండాలి. సాఫ్ట్‌వేర్‌లలో స్టాడ్ ప్రో, ఈట్యాబ్స్ డిజైన్‌కు, టెక్లా డ్రాయింగ్‌లకు. డిప్లొమా వాళ్లకు డీటెయిలింగ్, సైట్ తనిఖీ మంచి ప్రవేశ ద్వారాలు. రోనన్ పాయింట్ అతుకుల్ని పోసేటప్పుడే గట్టిగా పరీక్షించేవాళ్లుంటే ఆ లోపాలు అప్పుడే దొరికేవి, తనిఖీని చిన్నపనిగా చూడకండి. పైచదువుకు గేట్ రాసి వరంగల్ ఎన్ఐటీలోనో ఐఐటీ హైదరాబాద్‌లోనో స్ట్రక్చరల్ ఎం.టెక్ చేయొచ్చు.

ఈ సెలవుల్లో మీ ఊరి దగ్గర కడుతున్న ఏదో ఒక స్టీల్ షెడ్డుకు అనుమతి తీసుకుని వెళ్లండి. ఒక్క జాయింటు కొలతలతో గీయండి. ఆ బోల్టు లేకపోతే బరువు ఎటు పోతుందో కింద రాయండి. ఇంటర్వ్యూకు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి.