కొచ్చిలో చీనావల – తులాదండ సూత్రం

ఓడ విల్లింగ్డన్ దీవిలో ఆగింది. చేతిలో నాలుగే గంటలు. ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు. టూరు బస్సు వద్దనుకొని జనంతో పాటు పడవెక్కి ఫోర్టు కొచ్చి చేరాను. 1524లో వాస్కో డ గామాను పాతిపెట్టిన చర్చిని (అస్థికలు 1539లో పోర్చుగల్‌కు తరలించారు) గబగబా చూసి, ఒడ్డునున్న చీనావలల దగ్గర నిలబడిపోయాను.

అచ్చం మా తాత తొక్కిన ఏతమే! నడుమ ఇరుసు, ఒక కొనకు వల, రెండో కొనకు తాళ్లతో వేలాడే బండరాళ్లు. బరువును ఇరుసు నుంచి దూరంతో గుణిస్తే రెండు వైపులా ఇంచుమించు సమానం. అందుకే అంతటి వల నలుగురైదుగురి చేతుల్లో లేస్తుంది. వల లేచేకొద్దీ రాళ్లు ఒక్కొక్కటే కింద ఆనుకుంటాయి, తూకం చెడదు.

నేనూ తాడు లాగాను. మూడుసార్లు లేపితే గుప్పెడు చేపలు. దుంగలు మార్చడానికి డబ్బు లేదన్నాడు పెద్దాయన. ఇంకా అడగాలనుకున్నాను గానీ, అవతల పడవ కూత పెట్టింది.