బెండకాయ పువ్వులు

ఆదివారం చిన్నమ్మి పుట్టినరోజు. ఏడేళ్లు నిండుతాయి.

"అమ్మా! నాకు కొత్త గౌను కావాలి. నా స్నేహితుల్ని పిలవాలి" అంది.

తల్లి మాట్లాడలేదు. నాట్లు అయిపోయాయి. పది రోజులుగా కూలి లేదు. గౌను ఎలా కొనేది?

సాయంత్రం రాత్రిబడికి వెళ్లింది. కుట్టుపని చేసే వదినతో బాధ చెప్పుకుంది.

"గౌను ఎందుకు వదినా? పాత తెల్ల బనీను చాలు. పిల్లల్ని కూడా తలా ఒకటి తెచ్చుకోమను. వాళ్లే పువ్వులు అద్దుకుంటారు. అదే ఆట, అదే పండుగ" అంది వదిన.

"అద్దడానికి అచ్చులెక్కడివి?"

"బెండకాయే అచ్చు! అడ్డంగా కోసి చూడు. అయిదు రేకుల పువ్వులా ఉంటుంది. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ వాళ్లు చేసేదీ ఇలాంటి పనే. టేకు చెక్క మీద పువ్వు చెక్కుతారు. ఆ అచ్చుకు రంగు అంటించి బట్ట మీద అద్దుతారు."

వదిన చెబుతుంటే తల్లి కాగితం మీద రాసుకుంది. ఇంటి పని కోసం తన చేత్తో రాసుకున్న మొదటి కాగితం అది.

1. నూలు బనీను ఉతికి ఆరబెట్టాలి. గంజి పెట్టరాదు.

2. బనీను లోపల అట్టముక్క పెట్టాలి. లేకపోతే రంగు వెనక్కి దిగుతుంది.

3. బెండకాయను పెద్దవాళ్లే కొయ్యాలి. జిగురు తుడవాలి.

4. బట్టల మీద వేసే రంగే కొనాలి. పళ్లెంలో గుడ్డ మడిచి పెట్టి, దానికి రంగు పట్టించాలి.

5. బెండకాయను రంగు గుడ్డ మీద ఒత్తి, బనీను మీద అద్దాలి. రుద్దరాదు.

6. ఒక రోజు నీడన ఆరాలి. తిరగేసి ఇస్త్రీ చెయ్యాలి. 3 రోజులు ఉతకరాదు.

ఆదివారం ఆరుగురు పిల్లలు వచ్చారు. తల్లి మరమరాలు, బెల్లం పెట్టింది. బెండకాయ ముక్కలు తలా ఒకటి ఇచ్చింది. ఇల్లంతా సందడే. ఒక పిల్లాడి బనీను మీద జీడి మరక ఉంది. వాడు సరిగ్గా దాని మీదే ఎర్ర పువ్వు అద్దాడు. మరక కనబడలేదు!

దండెం మీద ఏడు బనీన్లు ఆరేశారు. అత్త చూసింది.

"ఇదేం రంగు కంపు! అన్నీ నీళ్లలో జాడించెయ్" అంది.

తల్లి బకెట్ అందుకుంది. అంతలో ఆగింది. కాగితం తీసి వేలు పెట్టి చదివింది.

"3 రోజులు ఉతకకూడదు అత్తమ్మా. ఇదిగో, రాసుకున్నాను."

అత్త కాగితం వంక చూసింది. కోడలి వంక చూసింది. "అయితే ఉండనీ" అంది.

సోమవారం సాయంత్రం వదిన ఇస్త్రీ చేసి ఇచ్చింది. చిన్నమ్మి పువ్వుల బనీను వేసుకుని వీధంతా తిరిగింది. గౌను మాట ఎత్తలేదు.

మరునాడు ఒక పిల్ల తల్లి వచ్చింది. "ఇదెలా చేశావక్కా? మా పాపకీ చెయ్యాలి" అంది.

తల్లి కాగితం ఆమె చేతికిచ్చింది. "చదువుకో. నీకు అర్థం కానిది అడుగు" అంది.

మాట్లాడుకోండి

1. బనీను లోపల అట్టముక్క ఎందుకు పెట్టాలి?

2. కాగితం మీద రాసుకోకపోతే ఏం జరిగేది?

3. మీకు తెలిసిన ఒక పనిని ఇలాగే వరసగా రాయండి. పక్కవారికి ఇచ్చి చదివించండి.