నౌపడ – గుణుపురము చిన్న రైలుమార్గము

ఈ సంవత్సరము మేము, ఉపాధ్యాయులును విద్యార్థులును గలసి, కోటబొమ్మాళి నుండి బస్సులో గుణుపురము వఱకు పోయి వచ్చితిమి. నౌపడ వద్ద మొదలై నూఱు సంవత్సరములకు పైగా నడచిన నేరో గేజి రైలుమార్గపు జాడను తుదివఱకు చూడవలెనని మా కోరిక. ఆ పట్టాలిప్పుడు లేవు. అయినను ఆ మార్గమేల పుట్టెనో, ఏల పోయెనో త్రోవ పొడవునను గ్రహింపవచ్చును.

రెండు పట్టాల లోపలి అంచుల నడిమి దూరమునకు గేజి యని పేరు. మన కోటబొమ్మాళి స్టేషనులోని పెద్ద మార్గమునకు అది 5 అడుగుల 6 అంగుళములు. నౌపడ నుండి లోపలికి పోయిన మార్గమునకు 2 అడుగుల 6 అంగుళములే, అనగా సగముకంటెను తక్కువ. పట్టాలు దగ్గరైనచో స్లీపరులు పొట్టివగును, గట్టు సన్నమగును, వంతెనలు తేలికవగును, బండి ఇఱుకు మలుపులలో సయితము తిరుగును. ఖర్చు తగ్గును. ఇట్టి సన్నని పట్టాలపై ఆవిరి యింజనులు చక్కగా నడువగలవని 1863లో వేల్సు దేశమునందలి ఫెస్టినియాగు మార్గము చూపినది. మన దేశములో 1862లోనే బరోడా గైక్వాడుగారు దభోయి వద్ద ఇంతే గేజిగల మార్గమును వేయించిరి. దానిపై మొదట బండ్లను లాగినవి ఎద్దులు!

1893 మొదలు 1896 వఱకు విజయవాడ నుండి కటకమునకు పెద్ద మార్గము నిర్మింపబడినది. అది సముద్రతీరము వెంబడి నౌపడ మీదుగా పోయినది గాని, పర్లాకిమిడి అచ్చటికి 25 మైళ్లు లోపల నుండిపోయినది. అప్పుడు పర్లాకిమిడి రాజగు గౌరచంద్ర గజపతిగారు సంస్థానపు సొమ్ముతో చిన్న మార్గమును వేయించిరి. 1900లో బండి నడచినది. సుమారు 7 లక్షల రూపాయలు పట్టినవి. మైలొక్కింటి కెంతయో మా మూడవ ఫారము బాలుడొకడు బస్సులోనే లెక్కగట్టి 28,000 అని చెప్పెను. మొదట నష్టమే వచ్చినది. 1910 తరువాత స్వల్పముగా లాభము కనబడి, 1924–25 తరువాత పెరిగినది. ఆ ధైర్యముతో 1931 నాటికి వంశధార లోయలోని గుణుపురము వఱకు పొడిగించిరి. మొత్తము సుమారు 56 మైళ్లు. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా పర్లాకిమిడియు గుణుపురమును ఆ వైపునకు పోయినవి. బండి మాత్రము రెండు రాష్ట్రములను కలుపుచునే యుండెను.

ఇక దాని లోపము. నౌపడలో రెండు గేజిలు కలియుచుండెను గాని, ఒకదాని పెట్టె మఱియొకదానిపై పోజాలదు. పెద్దబండిలో వచ్చిన ప్రతి బస్తాను దింపి చిన్నబండి కెక్కింపవలెను. తిరుగుదారిని మరల అదే పని. కట్టునప్పుడు మిగిల్చిన సొమ్ము ప్రతిదినమును కూలి రూపమున తిరిగి చెల్లింపవలసి వచ్చెడిది. ఎద్దుబండితో పోటీగా నున్నంతకాలము ఈ భారము తెలియలేదు. లారీ వచ్చిన పిమ్మట తెలిసినది. మా బస్సే చూడుడు: టెక్కలి, పాతపట్నము, పర్లాకిమిడి, కాశీనగరము దాటి గుణుపురము చేరువఱకు మా సామానులలో ఒక్క మూటనైనను బండి మార్పవలసిన పనిలేకపోయినది.

2004 జూనులో చిన్నబండి నిలిచిపోయినది. ఆ మార్గముననే బ్రాడు గేజి వేసి, 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురమునకు బండ్లు నడపిరి. నడుమ ఆరేడు సంవత్సరములు ఆ గ్రామములవారికి రైలు లేదు. ఇప్పుడు గుణుపురమున ఎక్కినవారు దిగకయే విశాఖపట్టణము చేరవచ్చును.

ఇదే గేజిగల కాల్కా–సిమ్లా మార్గమును 2008లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరిగదా, మన దాని నేల ఉంచలేదని విద్యార్థులు కొందఱడిగిరి. అది కొండలపై విహారమునకు పోవువారిని మోయును. ఇచ్చటివారికి ఆసుపత్రికిని సంతకును పోవుటకు బండి కావలెను. కనుక మార్చుటయే న్యాయమని మా యభిప్రాయము. అయినను టెక్కలికిని పాతపట్నమునకును నడుమ ఒక్క మైలు దారినైనను, నడచు యింజనుతో నిలిపియుండవలసినది. పుస్తకములోని పటము చూపి గేజి బోధించుట ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలియును.

చిన్నబండిలో ప్రయాణము చేసిన పెద్దలు మన విద్యార్థుల యిండ్లలో ననేకులు గలరు. ఏ స్టేషనులో ఎక్కిరి, ఎంతసేపు పట్టెను, ఏ సరుకు తెచ్చిరి అను సంగతులను పిల్లలచే వ్రాయించి పంపవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము. పాత టిక్కెట్టు గాని ఫొటో గాని యున్నచో చూపింపుడు. ప్రతి తీసికొని భద్రముగా తిరిగి యిచ్చెదము.