మాత్రకు ముందు జన్యు పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు ముదిరిన అండాశయ క్యాన్సర్. ఆపరేషన్, కీమో అయ్యాయి, బాగా తగ్గింది. ఓలాపరిబ్ మాత్రలు మొదలుపెట్టే ముందు బీఆర్‌సీఏ పరీక్ష చేయించమన్నారు. ఆ డబ్బేదో మందుకే పెట్టుకోకూడదా? అయినా డీఎన్‌ఏ మరమ్మతును ఆపే మందు మంచి కణాలను మాత్రం వదులుతుందా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ రెండో సందేహం తీరితే మొదటిదీ తీరుతుంది. మన కణాల్లో డీఎన్‌ఏ రోజూ దెబ్బతింటూనే ఉంటుంది. దాని రెండు పోగుల్లో ఒకటి తెగినప్పుడు పార్ప్ అనే ఎంజైము మరమ్మతుకు దిగుతుంది. ఓలాపరిబ్ దాని పని ఆపడమే కాదు, దాన్ని తెగినచోటే ఇరికించేస్తుంది. విభజనకు సిద్ధమైన కణం డీఎన్‌ఏకు నకలు తీస్తూ అక్కడికి వచ్చేసరికి రెండు పోగులూ తెగుతాయి. మంచి కణమైతే బీఆర్‌సీఏ ప్రొటీన్ల సాయంతో గట్టెక్కుతుంది. బీఆర్‌సీఏ జన్యువు చెడిన క్యాన్సర్ కణానికి ఆ దారి లేదు, చచ్చిపోతుంది. ఈ లోపం పుట్టుకతో వచ్చినవాళ్లలో కూడా మామూలు కణాలకు రెండో జన్యు ప్రతి బాగానే ఉంటుంది. 2005లో నేచర్ పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలు ఈ కిటుకును బయటపెట్టాయి. అంటే, మందు దెబ్బతీయగల లోపం కణితిలో ఉందో లేదో చెప్పేది ఆ పరీక్షే. అది ఒక్కసారి ఖర్చు. మాత్రలు పూటకోసారి చొప్పున దాదాపు రెండేళ్లు వాడాలి.

లోపం ఉన్నవాళ్లకు లాభం చిన్నదేమీ కాదు. 2018లో వెలువడిన సోలో-1 ట్రయల్‌లో, బీఆర్‌సీఏ లోపం ఉండి కీమోకు లొంగిన రోగులకే ఈ మాత్రలిచ్చారు. మూడేళ్ల తర్వాత జబ్బు మళ్లీ పెరగకుండా ఉన్నవాళ్లు 60 శాతం. మందులేని మాత్ర వేసుకున్నవాళ్లలో 27 శాతమే. ‘బీఆర్‌సీఏ బాగున్నవాళ్లకూ ఈ రకం మందులు రాస్తున్నారుగా’ అంటారేమో. రాస్తున్నారు. కొన్ని కణితుల్లో ఆ మరమ్మతు దారి ఇంకెక్కడో తెగి ఉంటుంది, దాన్ని హెచ్‌ఆర్‌డీ పరీక్ష పట్టిస్తుంది. ఆ లోపమూ లేకపోతే లాభం బాగా పలచబడుతుంది, ఇబ్బందులు మాత్రం అలాగే ఉంటాయి: రక్తహీనత, వికారం, నీరసం, అరుదుగా రక్త క్యాన్సర్ కూడా. మంచి కణాలు పూర్తిగా తప్పించుకోవు కాబట్టే మొదటి ఏడాది నెలనెలా రక్తపరీక్ష చేయిస్తారు. ‘వేసి చూద్దాం, పోయేదేముంది’ అనే వాదన ఇక్కడ నిలవదు.

ఆపరేషన్‌లో తీసిన కణితి ముక్క మైనపు దిమ్మలో ల్యాబులో భద్రంగా ఉంటుంది, పరీక్ష దానిమీదే చేయొచ్చు. రక్తంతో చేసే బీఆర్‌సీఏ పరీక్షలోనూ లోపం కనిపిస్తే అది పుట్టుకతో వచ్చిందని అర్థం. అప్పుడు అది మీకూ మీ తోబుట్టువులకూ వచ్చే అవకాశం ఒక్కొక్కరికి 50 శాతం, మీరూ పరీక్ష గురించి అడగాలి. సోలో-1లో చివరి కీమో అయ్యాక 8 వారాల్లోపే రోగులను చేర్చుకున్నారు. అందుకని ఆ దిమ్మను ఈ వారమే పరీక్షకు పంపించండి.