గురుత్వ తరంగములు

కొలనులో రాయి విసరినచో అలలు పుట్టి ఒడ్డును చేరును. అట్లే ఆకాశమున మహాగోళములు రెండు ఢీకొన్నచో దేశకాలములే కంపించి, ఆ కంపము కాంతివేగముతో నలుదెసల వ్యాపించునని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ 1916లో గణితముచే ఊహించెను. వీనికే గురుత్వ తరంగములని పేరు. భూమిని చేరునప్పటికి అవి మిక్కిలి క్షీణించును గనుక, వానిని పట్టుట దుస్సాధ్యమని పెక్కురు తలచిరి.

అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ వెబర్ మాత్రము వెనుదీయలేదు. తరంగము సోకినచో గంటవలె కంపించునని పెద్ద అల్యూమినియము స్తంభములను వ్రేలాడదీసి కనిపెట్టుకొని యుండెను. 1969లో తరంగములను కనుగొంటినని ప్రకటించెను. లోకము ఆశ్చర్యపడెను. కాని ఇతరులు అట్టి పరికరములనే నిర్మించి పరీక్షింపగా ఏమియు కనబడలేదు. 2000లో మరణించువరకు వెబర్ తన మాటను విడువలేదు. శాస్త్రలోకము దానిని అంగీకరింపలేదు.

అయినను ఆయన లేవదీసిన ప్రశ్న నిలిచినది. అమెరికాలోనే హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ అను రెండు చోట్ల ‘లైగో’ పరిశోధనశాలలు వెలసెను. ఒక్కొక్కదానియందు 4 కిలోమీటర్ల పొడవుగల గొట్టములు రెండు లంబకోణమున కలిసియుండును. లేజర్ కిరణము రెండుగా చీలి, గొట్టముల కొననున్న అద్దములపై పడి, తిరిగివచ్చి కలియును. తరంగము వచ్చినచో ఒక గొట్టము దారి సాగి, రెండవది కుంచించుకొనును. ఆ భేదము కాంతిలో కనబడును. అయితే సమీపమున పోవు లారీ సైతము అద్దమును కదల్పగలదు. కావున దూరదూరముననున్న రెండు శాలలును ఒకే సాక్ష్యము చెప్పవలెను.

2015 సెప్టెంబరు 14న ఆ సాక్ష్యము లభించెను. 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున రెండు కృష్ణబిలములు ఢీకొనగా పుట్టిన తరంగమది. అది కలిగించిన మార్పు ప్రోటాను వ్యాసములో నూరవ వంతుకన్న చిన్నది! శాస్త్రజ్ఞులు తొందరపడలేదు. దాదాపు ఐదు నెలలు పరీక్షించి, 2016 ఫిబ్రవరి 11న ప్రకటించిరి. ఆ సభలో వెబర్ సతీమణి, ఖగోళ శాస్త్రజ్ఞురాలు వర్జీనియా ట్రింబుల్ కూడ ఆసీనురాలై యుండెను. 2017లో రైనర్ వైస్, కిప్ థోర్న్, బారీ బారిష్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను.

మన దేశమునను మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో అట్టి శాలను నిర్మించుటకు 2023లో కేంద్ర ప్రభుత్వము అనుమతించెను. భూమి కంపములు అంటని అంతరిక్షమున, 25 లక్షల కిలోమీటర్ల ఎడముతో మూడు నౌకలను నిలుపు ‘లీసా’ పథకమును ఐరోపా అంతరిక్ష సంస్థ 2024లో ఆమోదించెను.

వెబర్ చెప్పిన జవాబు నిలువలేదు. ఆయన అడిగిన ప్రశ్న నిలిచినది. ఒకని మాటను మరియొకడు పరీక్షించుటయే శాస్త్రమునకు ప్రాణము. అందు పొరపడినవాని శ్రమకును స్థానము కలదు.