క్రిస్మస్ స్టార్ మన ఆకాశదీపానికి కాపీనా? నా తప్పు నేనే దిద్దుకుంటున్నా

కార్తీకమాసం వీడియోలో నేనొక మాట అన్నాను, గుర్తుందా? "క్రిస్మస్‌కి ఇంటి మీద కట్టే స్టార్ మన ఆకాశదీపాన్ని చూసి నేర్చుకున్నదే" అని. ఆ క్లిప్పే అన్నిటికంటే ఎక్కువ షేర్ అయింది.

మొన్న గుడివాడలో మా అమ్మమ్మగారింటికి వెళ్లాను. పక్కింటి ఆంటీ స్టార్ కడుతూ, "బాబూ, నీ వీడియో చూశా. ఆ మాట ఎక్కడ చదివావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఫార్వర్డ్ మెసేజ్‌లో చూశాను, అంతే. చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కీ మాకు కేకు పంపిన మనిషి ఆవిడ. సిగ్గేసింది. అందుకే ఈసారి కూర్చుని చదివాను.

స్టార్ కథ ఇదీ

తూర్పుదేశపు జ్ఞానులు ఒక నక్షత్రాన్ని చూసి, పుట్టిన యేసును వెతుక్కుంటూ బేత్లెహేము వెళ్లారని మత్తయి సువార్తలో ఉంది. ఇంటి మీద స్టార్ దానికే గుర్తు. లోపల దీపం వెలిగే కాగితపు స్టార్లలో బాగా పేరున్నది జర్మనీలో పుట్టింది. 1830ల్లో నీస్కీ అనే ఊళ్లో, మొరేవియన్ క్రైస్తవుల బడిలో పిల్లలకు జామెట్రీ నేర్పడానికి చేయించారట! 1897లో హెర్న్‌హూట్‌లో వాటికి ఫ్యాక్టరీ కూడా పెట్టారు.

ఇక మన వైపు సంగతి. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు వచ్చారు. 1843లో నోబుల్ పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఈ డెల్టా ఊళ్లలో క్రిస్మస్ పండగ వ్యాపించింది ఇలాంటి మిషన్ల వల్లే.

ఆకాశదీపం కథ వేరు

కార్తీకంలో సాయంత్రం పూట, చిల్లులున్న చిన్న పాత్రలో దీపం పెట్టి, తాడుతో ధ్వజస్తంభం పైకి ఎక్కిస్తారు. శివకేశవుల ప్రీతి కోసం, పితృదేవతలకు దారి కనపడాలని అంటారు మన పెద్దలు. అంటే స్టార్ ఒక పుట్టుక కబురు చెబుతుంది. ఆకాశదీపం వెళ్లిపోయినవాళ్లకు దారి చూపిస్తుంది. రెండూ ఎత్తున వెలుగుతాయి, పోలిక అంతవరకే. దూరానికి కనపడాలంటే ఎవరైనా దీపాన్ని పైనే పెడతారు కదా!

మనకు తక్కువేముంది?

డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. కృష్ణ ఒడ్డున, ఘంటసాల దగ్గర శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి గోదాదేవి కథ రాయమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పుకున్నాడు. అంతటి చోటు మన దివిసీమ దారిలోనే ఉంది. ఇక పక్కింటివాళ్ల పండగను కాపీ అంటే తప్ప మనం గొప్పవాళ్లం కాలేమా?

ఆ వీడియోలో ఆ ముక్క తీసేశాను. ఈసారి నేనేదైనా గొప్పగా చెబితే, ఆ ఆంటీలాగే "ఎక్కడ చదివావు?" అని కామెంట్‌లో అడగండి. సత్యం చెప్పడం కూడా పూజే.

జై శ్రీమన్నారాయణ.