లక్కపిడతలు

ఇంటిలో నిత్యము చేతికి తగులు చిన్న వస్తువులను గూర్చి ఎవరును అంతగా ఆలోచింపరు. కుంకుమభరిణె, బొంగరము, చంటిబిడ్డ ఆడించు గిలక మొదలైనవాటిని ఎవరు చేసిరి, దేనితో చేసిరి, వాటిపై ఎరుపు ఎక్కడనుండి వచ్చినది అను ప్రశ్న మనసునకు తట్టదు. చీర కొనునపుడు నాలుగు అంగళ్ళు తిరిగి నేతను, అంచును, రంగును పరీక్షించు గృహస్థుడు బొమ్మను మాత్రము పిల్లవాడు వ్రేలు పెట్టి చూపిన వెంటనే కొని యిచ్చివేయును. కాని నోటిలోనికి పోవునది చీర కాదు, బొమ్మ. పండ్లు వచ్చుచున్న బిడ్డ చేతికి దొరికినదానినెల్ల కొరుకును, చప్పరించును.

తెలుగునాట ఆడపిల్లలు చిరకాలముగా ఆడుకొను బొమ్మలలో లక్కపిడతలు ముఖ్యమైనవి. పొయ్యి, కుండ, మూత, బిందె, చెంబు, రోలు, రోకలి, తిరుగలి, కవ్వము మొదలుగా వంటయింటి సామగ్రి యంతయు బొటనవ్రేలి ప్రమాణమున ఒక చిన్న బుట్టలో ఇమిడియుండును. గుజ్జెనగూళ్ళాటలో నాలుగు బియ్యపుగింజలు, ఒక బెల్లపుముక్క వేసి వండినట్లు నటించి, ఆకుముక్కలలో వడ్డించి, పెద్దలను పిలిచి తినుమనుట ఈ పిడతలతోనే. సంక్రాంతి బొమ్మలకొలువులో వీనిని తీర్చిదిద్దుటలో పిల్లలకు గల సంతోషము పెద్ద బొమ్మలను పెట్టుటలో కనబడదు. పెద్ద బొమ్మను ముట్టుకొనవద్దందురు. పిడతను ముట్టుకొనకుండ ఆట లేదు.

ఇట్టి లక్కసామానులకు పేరుపొందిన గ్రామము ఏటికొప్పాక. విశాఖపట్టణమునుండి తునివైపు పోవు మార్గమున 60 కిలోమీటర్లకు పైగా దూరమున, యలమంచిలికి సమీపమున, వరాహనది ఒడ్డున ఈ గ్రామము కలదు. ఇది పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటినుండి అనకాపల్లి జిల్లాలో చేరినది. ఇచటి బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అనగా ఈ పేరు పెట్టి ఇతర ప్రాంతములవారు తమ సరుకును అమ్ముకొనుటకు వీలులేదు.

కొండపల్లి బొమ్మలను ఎరిగినవారికి ఏటికొప్పాక బొమ్మను చూచిన వెంటనే భేదము తెలియును. కొండపల్లిలో తేలికయైన పొణుకు కర్రను చెక్కి, కాళ్ళు, చేతులు, తల వేరువేరుగా చేసి, రంపపుపొట్టును చింతగింజల పిండిని కలిపిన మక్కుతో అతికించి, పిమ్మట కుంచెతో రంగులు వేయుదురు. కావున అచట తాటిచెట్టు నెక్కు మనిషి, అంబారీ గల ఏనుగు మొదలైన ఏ రూపమైనను సాధ్యమే. ఏటికొప్పాకలో ప్రధానమైన పరికరము తరిమెన. కర్రను తరిమెనపై గుండ్రముగా త్రిప్పుచు ఉలితో చెక్కుదురు. త్రిప్పి చెక్కిన వస్తువు గుండ్రముగానే ఉండును. కుండ, బుడ్డి, బొంగరము, గిలక, గంట వంటివి తరిమెనకు సహజమైన రూపములు. మనిషిని చేయవలెనన్న తల ఒక బంతి, మొండెము ఒక బుడ్డి, తలపాగా ఒక చక్రము కావలెను. ఇది లోపమువలె తోచును గాని, ఈ బొమ్మల అందమంతయు ఈ కట్టుబాటునుండియే పుట్టినది. ఎక్కడను మొన లేదు, పదునైన అంచు లేదు. పసివాని పిడికిలిలో చక్కగా ఒదుగును.

దీనికి వాడు కర్ర అంకుడు. అంకుడు చిన్న చెట్టు. ఆకు త్రుంచినచో పాలు కారును. పూవులు తెల్లనివి, సన్నని పొడవైన కాయలు జంటలు జంటలుగా వ్రేలాడుచుండును. కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని పొరతో నుండుటచే ఉలికి సులభముగా లొంగును. కన్నడదేశమున చెన్నపట్టణములో చేయు లక్కబొమ్మలకును ఈ చెట్టు కర్రయే ఆధారము. తెచ్చిన కొమ్మలను నీడను బాగుగా ఎండనిత్తురు. తడి ఆరని కర్రతో తొందరపడి చేసిన పిడత కొన్నాళ్ళకు బీట వారును, దానిపై లక్క పెచ్చులుగా లేచిపోవును.

పూర్వము తరిమెనకు ఇద్దరు మనుష్యులు కావలసియుండిరి. ఒకడు కర్రకు చుట్టిన త్రాటిని ముందునకు వెనుకకు లాగుచుండగా, రెండవవాడు ఉలి పట్టుకొనును. త్రాడు ఒకవైపు లాగినపుడు కర్ర ఉలికి ఎదురుగా తిరుగును. అప్పుడే చెక్కు లేచును. మరల వెనుకకు తిరుగునపుడు ఉలిని కొంచెము సడలింపవలెను. లాగువాని చేయి, చెక్కువాని చేయి ఒక్క లయలో నడువకున్న పని చెడును. విద్యుత్తు వచ్చిన పిమ్మట త్రాడు లాగువాని స్థానమును మోటారు ఆక్రమించినది. పని వేగముగా సాగుచున్నది. అయినను ఉలి ఎంత లోతుగా దిగవలెనో చెప్పునది నేటికిని పనివాని మునివ్రేళ్ళే. కుండ మూత బిగువైనచో పిల్లకు ఊడిరాదు, వదులైనచో నిలువదు. ఆ కొద్దిపాటి సందును కొలబద్ద చూపదు.

లక్క అనగనే భారతకథలోని లక్కయిల్లు జ్ఞాపకము వచ్చును. లక్క చెట్టు జిగురు కాదు. అది ఒక చిన్న పురుగు పెట్టు పదార్థము. ఈ పురుగులు వేలకొలదిగా మోదుగు, రేగు మొదలైన చెట్ల లేతకొమ్మలకు అంటుకొని, రసమును పీల్చుచు, తమ మేనులను కప్పుకొనుటకు జిగటపదార్థమును స్రవించును. అది కొమ్మ చుట్టును గట్టిపడును. దానిని గీకి, కడిగి, కరగించి వడగట్టిన లక్క సిద్ధమగును. మోదుగు, రేగు చెట్లు గల ప్రదేశములలోని వనవాసులకు ఇది యొక పంట. కంసాలి బోలునగలలో నింపునది లక్కయే. దస్తావేజులపై ముద్ర వేయుటకు వాడినది లక్కయే. గడచిన శతాబ్దపు పూర్వార్ధమున పాటల పళ్ళెములను చేసినది దీనితోడనే. వైద్యులిచ్చు కొన్ని మాత్రలపై మెరుపుపూతగా నేటికిని శుద్ధిచేసిన లక్కను వాడుదురు. కావున బిడ్డ లక్కపిడతను చప్పరించినను లక్కవలన భయము లేదు. భయమంతయు లక్కలో కలిపిన రంగువలననే.

లక్కకు రంగు కలుపుట చూడదగిన పని. లక్కను నిప్పులపై వేడిచేసి మెత్తబరచి, రంగు చేర్చి, తీర్థములలో జీళ్ళు చేయువారు పాకమును సాగలాగునట్లు మరల మరల లాగి మడతపెట్టుదురు. రంగు అంతటను సమముగా వ్యాపించిన తరువాత కడ్డీలుగా చుట్టుదురు. చెక్కుట పూర్తియైన పిడత తరిమెనపై గిరగిర తిరుగుచుండగా ఈ కడ్డీని దానికి ఆనించి పట్టుకొందురు. లక్క సుమారు 70 డిగ్రీల వేడిమికే మెత్తబడును. రాపిడిలో పుట్టిన వేడిమియే దానిని కరగించి కర్రకు అంటించును. కుంచె లేదు, నూనె లేదు, ఆరుటకు ఎదురుచూచుట లేదు. పిమ్మట మొగలి ఆకుతో ఒత్తి రుద్దినచో పూత అంతయు చదునై అద్దమువలె మెరయును. ఎరుపు ప్రక్కన పసుపుపట్టె వేయుటకు మరియొక కడ్డీని అంచున తాకించిన చాలును.

పూర్వము ఈ రంగులు చెట్లనుండియే వచ్చెడివి. 1856లో ఇంగ్లండు దేశమున విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు తారునుండి తీసిన పదార్థముతో మందు చేయబోయి ఊదారంగును కనుగొనెను. అటుపిమ్మట రసాయనపు రంగులు ఒకటి వెంట నొకటి వెలువడి లోకమంతట వ్యాపించినవి. అవి చవుక, మిక్కిలి కాంతివంతములు, కలుపుట సులభము. బొమ్మల పనివారును వానినే చేపట్టిరి. ఇందు వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. కొనువారు కోరినది ఆ తళుకునే. అయితే కొన్ని చవుక రంగులలో సీసము వంటి లోహములుండును. సీసము కొంచెము కొంచెముగా శరీరమున చేరినను పసివారి మెదడు ఎదుగుదలకు హాని కలుగును. 2007లో రంగులలో సీసమున్నదని తేలుటచే, యంత్రశాలలలో చేసిన బొమ్మలను లక్షలకొలదిగా పలు దేశముల అంగళ్ళనుండి వెనుకకు తెప్పింపవలసివచ్చెను.

ఏటికొప్పాకలో ఈ విషయమును అంతకు ముందే పట్టించుకొన్నవారు చింతలపాటి వెంకటపతిరాజు. సి. వి. రాజు అను పేరుతో ఆయన ప్రసిద్ధులు. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో ఆయన గ్రామములోని పనివారిని కూడగట్టుకొని మరల చెట్ల రంగులవైపు మరలిరి. ఇది వినుటకు తేలిక. పసుపు, జాఫరాగింజ, నీలి, మంజిష్ఠ, కరక్కాయ మొదలైనవానిలో రంగు కలదని అద్దకమువారికి ఎప్పుడో తెలియును. కాని వస్త్రము నీటిలో మునుగును, రంగును పీల్చుకొనును. లక్క నీటిలో కరగదు. నీటి కషాయమును లక్కలో పోసినచో రెండును కలియవు. గింజనుండి, వేరునుండి, బెరడునుండి, ఆకునుండి రంగును తీసి, లక్కలో ఇమిడిపోవు రూపమునకు తెచ్చుటకు ఏండ్లు పట్టినది. ఆయన కృషిని 2020లో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున ప్రస్తావించిరి. 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఊరేగినవి ఏటికొప్పాక బొమ్మలే.

చెట్ల రంగులకును లోపములు కలవు. పసుపు ఎండకు వెలిసిపోవును. ఒకసారి వచ్చిన ఎరుపు మరియొకసారి అచ్చముగా అట్లే రాదు. చిలుకపచ్చ, గులాబివన్నెలలో కండ్లు మిరుమిట్లు గొలుపు కాంతి దొరకదు. అయినను ఆ మందమైన కెంపులో, తేనెవన్నెలో ఒక చల్లదనము కలదు. పది రోజులు చూచినను విసుగు కలుగదు.

2021 జనవరి 1 నుండి మన దేశమున అమ్ము బొమ్మలకు భద్రతాపరీక్ష, ప్రామాణిక ముద్ర తప్పనిసరి యైనవి. ఆ నియమమునుండి నమోదైన చేతిపనివారి బొమ్మలకును, భౌగోళిక సూచిక గల బొమ్మలకును మినహాయింపు ఇచ్చిరి. ఒక్కొక్క రకమునకు పరీక్ష చేయించు వ్యయమును చిన్న పనివాడు భరింపలేడు కనుక ఈ మినహాయింపు ఉచితమే. కాని దాని ఫలముగా బిడ్డకు బొమ్మకు నడుమ పరీక్షాశాల లేదు; పనివాని మాట ఒక్కటియే కలదు. చెట్ల రంగు పిడతయు, చవుక రంగు పిడతయు ఒకే అంగడిలో ఒకే బుట్టలో పడియుండవచ్చును. కొనువారు రంగు ఏమని అడుగవలెను. అడుగువారు ఎక్కువైనచో చెప్పగలవారికి గిరాకి పెరుగును.

కర్ర చిక్కు వేరు. దగ్గరి కొండలలో అంకుడు తరిగిపోవుటచే దూరమునుండి తేవలసివచ్చుచున్నది, వెల పెరుగుచున్నది. ప్లాస్టిక్ బొమ్మతో పోటీపడువానికి ఇది మోయరాని భారము. అంకుడు నెమ్మదిగా ఎదుగు చెట్టు. అయితే మొదలంట పెల్లగింపక కొమ్మలు మాత్రము కోసినచో మోడు మరల చిగిర్చును. కొన్నేండ్లకు మరల కోతకు వచ్చును. పొలముగట్లపై, బంజరులలో దీనిని నాటుట సాధ్యమే. దీని ఆకులలోను ఒక నీలిరంగు కలదు.

ఒక కొమ్మలో లావైన మొదలు కుంకుమభరిణెలకు, కుండలకు పోవును. దానిపై భాగమున గిలకలు, చెంబులు వచ్చును. చివరి సన్నని పుల్లలను రోకళ్ళకు, కవ్వములకు, పూసలకు తీయుదురు. తరిమెన క్రింద రాలిన చెక్కుపొట్టు పొయ్యిలోనికి పోవును.